మిక్సీ మింగిన మాట

పూర్ణా మార్కెట్ వెనక సందులో, మేడమీద మెస్.
ఉప్పుగాలికి కిటికీ ఊచలు
ముట్టుకుంటే పొరలు పొరలుగా రాలుతున్నాయి.
ఒంటిగంటన్నర. టోకెన్లు రెండు.
నేనూ, జోగినాయుడూ.

నెత్తళ్ళ వేపుడు ఇంకా రాలేదు.
నలభై వేల మాట కూడా.

ఆ మాట ఎత్తడానికే వచ్చానని వాడికి తెలుసు.
వాడికి తెలుసని నాకు తెలుసు.
అందుకని ఇద్దరం
పప్పులో ఉప్పు గురించి,
ఎన్.ఎ.డి. దగ్గర ట్రాఫిక్ గురించి,
వాళ్ళ చిన్నోడి కళ్ళజోడు నంబరు గురించి
ఎంతో శ్రద్ధగా మాట్లాడుకున్నాం.
తర్వాత అవీ అయిపోయాయి.
మజ్జిగ గ్లాసులకి చెమట పడుతుంటే
దాన్ని చూస్తూ కూచున్నాం.

అప్పుడు నా వీపు వెనక బల్ల మీంచి గాజులు,
కాస్త డెట్టాల్ వాసన.
కె.జి.హెచ్.లో పొద్దుటి డ్యూటీ దిగినవాళ్ళేమో.
గొంతులు లెక్కపెడితే నలుగురు.

"ఒలమ్మ, ఆ ఫ్రిజ్జి కత సెప్పవే!"
"ఎన్నిసార్లు సెప్పించుకుంటారే" అంటూనే
ఒకామె నీళ్ళు తాగి గొంతు సవరించుకుంది.

అల్లిపురంలో మూడో అంతస్తు. మెట్లు ఇరుకు.
మరిది చవగ్గా వస్తుందని పాత ఫ్రిజ్జి కొన్నాడు,
కొలత మాత్రం సూసుకోనేదు.
"తాళ్ళు కట్టి బైట్నుంచి లాగుతన్నారు.
కిందన మా అత్త గొడుగు ఇప్పుకుని నిల్చుంది.
పడితే దాంతో ఆపుద్దంట!"
*'నాగండర్రా, నానున్నాను!'* అని ముసలి గొంతొకటి.
ఎవరికో పొలమారింది.
నా ఎదురుగా జోగినాయుడి ముద్ద
కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

"రెండో అంతస్తు కాడ దాని తలుపు తెరుసుకుంది.
అవునే, గాల్లోనే!
అందులోంచి ఏటి పడ్డాదో తెల్సునా?"

వంటింట్లో మిక్సీ తిరిగింది.

కొబ్బరి పచ్చడి కాబోలు, ఎంతకీ ఆగదు.
ఆ రొదలోనే వెనక బల్ల పగలబడి నవ్వింది.
ఎవరిదో గ్లాసు దొర్లింది,
నీళ్ళు నా చెప్పు దాకా వచ్చాయి.
మిక్సీ ఆగేసరికి
"...దాన్నే మా అత్త ఇప్పటికీ పెంచుతంది"
అనే తోక ఒక్కటి మాకు దక్కింది.

వాడు ముందుకు వంగాడు.
మూడు నెలల్లో మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.
"ఏటి పడ్డాదిరా?"
"పిల్లి?"
"ఫ్రిజ్జిలో పిల్లేటి, ఊపిరాడొద్దూ?"
"కోడిపిల్ల."
"తాబేలు."
"తాబేలు ఎందుకుంటాదిరా అందులో?"
"అందుకే కదా ఆళ్ళంత నవ్వుతన్నారు!"

వాడి నవ్వు ఏ.వి.ఎన్. కాలేజీ నాటిదే.
ముందు భుజాలు కదుల్తాయి, తర్వాత ముక్కు,
శబ్దం ఎప్పుడో చివరికొస్తుంది.
నెత్తళ్ళు వచ్చాయి. చల్లారిపోయాయి.

వెళ్ళి అడిగేద్దాం అన్నాడు. అడగలేకపోయాం.
చెప్పులు విప్పకుండా ఒకరింట్లోకి
నడిచినట్టు ఉంటుందనిపించింది.
వాళ్ళు లేచి చేతులు కడుక్కుంటుంటే
తిరిగి చూశాను. ముగ్గురే.
నాలుగో గొంతు అత్తగారిది,
కథ చెప్పినామె అరువు తెచ్చుకున్నది.

బిల్లు రెండొందల నలభై.
నా చెయ్యి తోసేసి వాడే ఇచ్చాడు.
ఆ నలభై వేలల్లోంచి కోసుకోమని కాదు.
కాదని కూడా కాదు.

మెట్లు దిగుతూ "ఆ సంగతి..." అన్నాడు.
హార్బరు వైపు ఓడ ఒకటి పొడుగ్గా కూత వేసింది.
అయ్యేదాకా ఆగి "ఏ సంగతి?" అన్నాను.
"దసరాకి సూస్తాను."
"సరే."
నాకు డబ్బు అవసరమే. ఇప్పటికీ అవసరమే.

రాత్రి పదకొండున్నరకి ఫోను.
"బాతు" అన్నాడు,
పెట్టేశాడు.